అత్త కింద ఎర్రగీత లేదు

మా అమ్మ సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు నడుమ పెరిగింది. కోరుట్లకు కోడలుగా వచ్చి ఏండ్ల తరబడి బీడీలు చుట్టింది. ఆమె చెప్పే ముచ్చట్లు ఫోన్‌లో రికార్డు చేసుకుని, జగిత్యాలలో నా గదిలో కూర్చొని టైపు చేయడం మొదలుపెట్టాను. మొదటి పేజీ నిండా ఎర్రగీతలే. అచ్చిండు, పోయిండ్రు, ఎవలు, గట్ల... దేన్నీ వదల్లేదు.

"నేను రేపు అత్త" అన్న వాక్యం కింద మాత్రం గీత పడలేదు. మా దిక్కు 'అత్త' అంటే వస్తాను అని. నిఘంటువుకు తెలిసింది మేనత్త. అక్షరాలు కలిశాయి కాబట్టి ఊరుకుంది. 'అద్దు' కూడా అట్లనే గట్టెక్కింది. అమ్మ వద్దంటే, అది రంగు అద్దడం అనుకుంది.

నా ఎడిటర్ వాడేది హన్‌స్పెల్. నేమెత్ లాస్లో దాన్ని హంగేరియన్ కోసం తయారుచేశాడు. లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్ కూడా వాడేది దాన్నే. హంగేరియన్ కూడా మన తెలుగులాగే మాట చివర ప్రత్యయాలు తగిలించుకుంటూ పోయే భాష. అందుకే ఒక ఫైల్లో మాటలు, ఇంకో ఫైల్లో వాటికి తోకలు తగిలించే నియమాలు ఉంటాయి. రెండూ మామూలు టెక్స్టే, ఎవరైనా తెరిచి దిద్దుకోవచ్చు. నేనూ తెరిచాను.

ఇంగ్లీషుకు పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే అని చెప్తే చాలావరకు పని అయిపోతుంది. మనకు ఆ గొడవ లేదు, వేరేవి ఉన్నాయి. 'పైసలు'లో ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం మీద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. చూపుకు తేడా లేదు, యంత్రానికి మాత్రం రెండు వేర్వేరు మాటలు. ఐకాన్వ్ అనే నియమంతో రెంటినీ ఒకటి చేశాను. 'పవర్‌లూమ్'లో ర్, లూ అతుక్కోకుండా ఆపే కనబడని అక్షరాన్ని ఇగ్నోర్ నియమంలో పెట్టాను. 'సిర్సిల్లా', 'జగ్టియాల్' అని ఇంగ్లీషు చూసి రాసేవాళ్ల కోసం సరైన పేర్లు సూచించేలా రెప్ పట్టికలో చేర్చాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పని సులువవుతుందని అదే పట్టికలో 'అచ్చిండు'కు 'వచ్చాడు', 'ఎవలు'కు 'ఎవరు' కూడా రాసుకున్నాను. రెప్ చేసేది సూచించడమే, నొక్కింది నేనే. పది పేజీలు గంటలో శుభ్రమయ్యాయి. ఒక్క ఎర్రగీత లేదు.

ఆదివారం కోరుట్ల పోయి అమ్మకు చదివి వినిపించాను. కొంచెంసేపు విని, "గిది నేను జెప్పినట్టు లేదు బిడ్డా, ఎవలో సారు జెప్పినట్టున్నది" అన్నది. ఆమెకు కోపం రాలేదు. నాకే తల ఎత్తబుద్ధి కాలేదు. చిన్నప్పుడు బడిలో నా నోట్‌బుక్కులో 'అచ్చిండు' కింద ఎర్రసిరాతో గీత పడితే, ఇంటికొచ్చి ఏడ్చింది నేనే కదా.

అప్పుడు తెలిసింది నేను కలిపేసినవి రెండు రకాలని. ఐత్వాన్ని ఎట్ల రాసినా పలికేది ఒకటే, వాటిని ఒకటి చేస్తే ఎవరికీ నష్టం లేదు. 'అచ్చిండు' అట్ల కాదు. అది 'వచ్చాడు'కు తప్పుగా రాసిన రూపం కాదు, దాని పాటికి అదొక మాట. పోనీ 'త్త' కనబడిన చోటల్లా 'స్త' అనుకొమ్మని ఒకే నియమం పెడితే? 'కొత్త' కాస్తా 'కొస్త' అయి కూర్చుంటుంది.

రెప్ పట్టికలోంచి అమ్మ మాటలు తీసేశాను. 'అచ్చి'ని మాటల ఫైల్లో పెట్టి, తోకలు రాశాను: అచ్చిన, అచ్చినం, అచ్చినవు, అచ్చిండు, అచ్చిండ్రు, అచ్చింది. పోయి, చేసి రెంటికీ అవే తోకలు సరిపోయాయి. మా ఊరి మాటకు ఇంత చక్కని వ్యాకరణం ఉందని నాకు ఏ బడిలోనూ ఎవరూ చెప్పలేదు.

పది పేజీలూ రికార్డింగు విని మళ్లీ మొదటినుంచి టైపు చేస్తున్నాను. 'అత్త' మాత్రం అట్లనే ఉంది. ఆ మాట వచ్చిన ప్రతిచోటా, వచ్చేది మనిషో మేనత్తో నేనే చూసుకోవాలి.