పొద్దున్నే దగ్గే బండి

ఈసారి వంట లేదు, పిల్లల చదువుల గోల లేదు. బండి ఇంజన్ గురించి రాస్తున్నాను. ఆడవాళ్ళ కబుర్లలో ఇంజనేమిటి అనుకోకండి. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళేది మగవాళ్ళే కావచ్చు గానీ, అది దారిలో ఆగితే చంటిపిల్లతోనో, పెద్దవాళ్ళతోనో రోడ్డు పక్కన నిలబడేది మనమే కదా.

మాది ఉద్దానం. వజ్రపుకొత్తూరు మండలంలో, రాత్రిళ్ళు సముద్రం హోరు వినిపించేంత దగ్గర ఊరు. మా మావయ్యగారికి ఒక పాత మారుతి ఓమ్ని ఉండేది, 1997 మోడల్. జీడిపిక్కల బస్తాలు, కొబ్బరికాయలు, పెళ్ళిళ్ళకి చుట్టాలు, అన్నీ అందులోనే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా తోట చాలామటుకు పడిపోయింది. జీడిమొక్క మళ్ళీ వేసినా కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. తోట పోయింది, బండి మిగిలింది. ఆ మరుసటి ఏడే మావయ్యగారికి డయాలసిస్ మొదలైంది.

ఉద్దానంలో ఆ మాటకి ఎవరికీ వివరణ అక్కర్లేదు. మా వీధిలోనే మరో ఇద్దరున్నారు.

వారానికి మూడుసార్లు పలాస వెళ్ళాలి. ఇప్పుడున్న రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి అప్పటికి లేదు, అది 2023 డిసెంబరులో మొదలైంది. మాకు దొరికింది పొద్దున్న మొదటి షిఫ్టు. నాలుగ్గంటలు మెషీన్ మీద ఉండాలి. మనం ఆలస్యంగా వెళ్తే కోత పడేది మన టైముకే, వెనకవాళ్ళు కాచుకుని కూర్చుంటారు. ఒక్క వాయిదా తప్పితే కాళ్ళు పొంగి, రాత్రి పడుకుంటే ఊపిరాడదు ఆయనకి. అందుకే చీకటితోనే అయిదింటికి బయల్దేరేవాళ్ళం.

వానలు మొదలయ్యాక బండి మొండికేయడం మొదలెట్టింది. స్టార్టవుతుంది, ఊరు దాటుతుంది, ఆ తర్వాత ఎవరో వెనక్కి లాగినట్టు కుదుపులు. ఎక్సలేటర్ తొక్కేకొద్దీ దగ్గుతుంది. ఓమ్నిలో మూడే సిలిండర్లు. అందులో ఒకటి పనిచేయకపోతే మూడు కాళ్ళ పీట మీద ఒక కాలు విరిగినట్టే, ఒళ్ళంతా ఊగిపోతుంది. పైగా ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి ఆ వణుకు నాకు నేరుగా తెలిసేది.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే పులి లాగా నడిచేది. డయాలసిస్ అయ్యాక పదకొండింటికి, ఎండలో తీసుకెళ్తాం కదా, ఒక్క కుదుపు ఉంటే ఒట్టు. ఒకాయన ప్లగ్గులు మార్చాడు. ఇంకొకాయన కార్బరేటర్ విప్పి కడిగాడు. మూడో ఆయన పెట్రోల్ ఫిల్టర్ మార్చి, "పెట్రోల్ కల్తీదమ్మా" అన్నాడు. ప్రతిసారీ రెండు మూడు రోజులు బాగుండేది, మళ్ళీ మామూలే. నేను వాళ్ళని తప్పు పట్టను. కనపడని జబ్బుకి ఏ వైద్యుడైనా ఏం చేస్తాడు?

ఒక వానరోజు తెల్లారకుండానే తోటల మధ్య బండి పూర్తిగా ఆగిపోయింది. ఫోన్ చేసి ఆటో రప్పించేసరికి గంట. ఆ రోజు మావయ్యగారికి మూడు గంటలే దక్కింది. ఆటోలో కూర్చుని ఆయన, "ఏటమ్మా, దీనికి కూడా నాలాగే పేరు నేని రోగం వొచ్చీసిందా?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆయన బరువు, బీపీ, రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారో రాయడానికి నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఆ రాత్రి నుంచి పక్క పేజీలో బండికీ రాయడం మొదలుపెట్టాను. ఎన్నింటికి బయల్దేరాం, వాన ఉందా, మంచు ఉందా, కుదుపు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది. మూడు వారాలయ్యాక చూస్తే చిత్రంగా ఉంది. వాన పడ్డ రోజు, మంచు కురిసిన రోజు తప్పనిసరిగా కుదుపు. పొడిగా ఉన్న రోజు లేదు. మధ్యాహ్నం వెళ్ళినప్పుడు ఒక్కసారీ లేదు. మొదలైనా పావుగంట ఇరవై నిమిషాల్లో, అంటే ఇంజను బాగా వేడెక్కాక, తగ్గిపోతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు, జోరుగా తొక్కినప్పుడు ఎక్కువ.

పెట్రోల్ కల్తీ అయితే దానికి మంచుతో ఏం పని? తడితో పేచీ ఉండేది కరెంటుకి. తడి చేత్తో స్విచ్ వేయొద్దని మనం పిల్లలకి రోజూ చెప్పేదే కదా.

మా ఆయన పనిచేసే జీడి ఫ్యాక్టరీకి వచ్చే లారీ డ్రైవర్ ఒకతను టెక్కలిలో ఒక పెద్దాయన ఉన్నాడని చెప్పాడు. పాత బండ్ల కరెంటు పని మాత్రమే చేస్తాడట. నోటుపుస్తకం పట్టుకుని వెళ్ళాం. ఆయన బండి వైపు చూడనేలేదు. పేజీలన్నీ చదివించుకుని, "పగలు ఇది నాకు అగుపడదు తల్లీ. రాత్రి మీ వాకిట్లోనే సూడండి. లైట్లు ఆర్పీసి, సీటెత్తి, ఇంజన్ ఆన్ చేసి, నీళ్ళు తుంపరగా కొట్టండి. సెయ్యి మాత్రం పెట్టకండి" అన్నాడు.

ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టాలంటే వేల వోల్టుల కరెంటు కావాలట. అది కాయిల్‌లో పుట్టి, డిస్ట్రిబ్యూటర్ మీదుగా మూడు లావుపాటి వైర్లలో మూడు ప్లగ్గులకి పంచబడుతుంది. ఆ వైర్ల తొడుగు పాతబడి సన్నటి పగులు వచ్చిందంటే, పొడిగా ఉన్నంతసేపూ ఏమీ కాదు. పగుల్లోకి తడి చేరగానే కరెంటు ప్లగ్గు దాకా వెళ్ళకుండా పక్కనున్న ఇనుములోకి దూకేస్తుంది. ఎక్సలేటర్ తొక్కితే సిలిండర్లో ఒత్తిడి పెరిగి ప్లగ్గు దగ్గర రవ్వ పుట్టడం ఇంకా కష్టమవుతుంది, కాబట్టి అప్పుడు ఇంకా సులువుగా పక్కదారి పడుతుంది. మా నోటుపుస్తకంలో ఎత్తు దగ్గర కుదుపులు ఎందుకు ఎక్కువో అప్పుడర్థమైంది.

ఆ రాత్రి వీధి లైటు కూడా లేదు, మంచిదే అయింది. మా ఆయన ఇంజన్ ఆన్ చేశారు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, చున్నీలూ కొంగులూ బెల్టు దగ్గరికి రాకుండా పిల్లని దూరంగా నిలబెట్టి, ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు కొట్టే స్ప్రే బాటిల్‌తో కొట్టాను. మొదటి వైరు, ఏమీ లేదు. రెండోది, ఏమీ లేదు. మూడో దాని మీద తుంపర పడగానే టిక్ టిక్‌మంటూ నీలం దారాలు! ఇంజను అప్పుడే దగ్గడం మొదలెట్టింది. వసారాలో మంచం మీంచి మావయ్యగారు లేచి కూర్చున్నారు. "దొరికిందేటి?"

"దొరికింది మావయ్యా."

కాసేపు ఆ నీలం రవ్వల్నే చూసి, "పోన్లే, బండికైనా దొరికింది" అన్నారు.

ఉద్దానం రోగానికి కారణం ఇదీ అని ఈ రోజుకీ ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు. ఎన్ని బృందాలు వచ్చాయో, ఎన్నిసార్లు మా బావి నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారో. ఆయన ఆ మాటన్నాక మా ఆయన ఇంజను ఆపేశారు. ఎవరం ఏం మాట్లాడలేదు.

మర్నాడు టెక్కలిలో పెద్దాయన ఒక్కొక్క వైరూ తీసి చూపించాడు. బాగున్న సిలిండర్ వైరు తీస్తే ఇంజను గొంతు మారుతుంది, చచ్చిన దాని వైరు తీస్తే ఏ మార్పూ ఉండదు. ఆ మూడోదాని ప్లగ్గు విప్పితే తడిగా, పెట్రోల్ వాసన. డిస్ట్రిబ్యూటర్ క్యాపు లోపల కూడా వెంట్రుకంత నల్లటి గీత. ఉప్పుగాలికి ఇక్కడి బండ్లన్నీ ఇలాగే అవుతాయన్నాడు. వైర్ల సెట్టు, క్యాపు కలిపి పదిహేను వందలు కూడా కాలేదు. అంతకుముందు పెట్టిన ఖర్చు నేను చెప్పను, మా ఆయన కూడా ఇది చదువుతారు.

కొత్త కార్లలో ఈ లావు వైర్లు సాధారణంగా ఉండవు, ప్లగ్గుకొక కాయిల్ ఉంటుంది. కుదుపుతో పాటు డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు ఆరి వెలుగుతుంటే జోరుగా తోలకండి. కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు వెళ్ళి అక్కడి ఖరీదైన భాగాన్ని కాల్చేస్తుంది. స్కానర్ పెడితే ఏ సిలిండరో చెబుతుంది. అయినా ఎప్పుడు, ఎక్కడ, ఏ వాతావరణంలో అన్నది ఏ స్కానరూ మీకంటే బాగా చెప్పలేదు, రాసిపెట్టుకోండి.

ఆ తర్వాత మావయ్యగారు బతికున్న ఏడాదిన్నరలో బండి ఒక్క షిఫ్టు కూడా తప్పించలేదు. పాత వైర్లు నన్ను పారేయనివ్వలేదు ఆయన. పెరట్లో చిక్కుడు పందిరి రాటలకి బిగించి కట్టారు.