కళ్లద్దాల చీటీ లెన్సుకు చాలదు

గత సంవత్సరం ఆషాఢం మొదట్లో మా చెల్లెలి మనవరాలు ఫోన్ చేసింది. "తాతా, నా అద్దాల చీటీ మీ ఇంట్లోనే మరచిపోయినాను. నంబరు ఎంతుందో చూసి చెప్తావా?" అని అడిగింది. రెండు కళ్లకూ మైనస్ ఆరు అని చదివి చెప్పాను. ఎందుకని అడగలేదు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగులను ప్రశ్నించడమే వృత్తిగా జీవించినవాణ్ణి, ఇంటిపిల్ల దగ్గర ఆ ఒక్క ప్రశ్న మరచిపోయాను.

శ్రావణంలో ఆమె పెళ్లి. పీటల మీద కళ్లద్దాలు వద్దనుకొని, ఆ నంబరుతోనే ఆన్‌లైన్‌లో కాంటాక్ట్ లెన్సులు తెప్పించుకొంది. కొద్ది రోజులకే కుడికన్ను ఎర్రబడింది. ఆషాఢగాలికి దుమ్ము పడిందనుకొని రెండు రోజులు ఓర్చుకొంది. వెలుతురు చూడలేని స్థితి వచ్చాక గానీ నాకు చెప్పలేదు. వెంటనే లెన్సులు తీయించి నేత్రవైద్యుని వద్దకు తీసుకువెళ్లాము. కార్నియా అంచున చిన్న పుండు ఏర్పడింది. లెన్సు ఆమె కంటికి బిగుతైనదని, పవరు కూడా ఎక్కువేనని ఆయన చెప్పారు. గంటగంటకూ మందు చుక్కలు వేయవలసి వచ్చింది. పుండు మానింది, సూదిమొనంత పువ్వు మిగిలింది. అది కంటిపాపకు ఎదురుగా వచ్చి ఉంటే చూపు మసకబారేది.

నేను నేత్రవైద్యుణ్ణి కాను. అయినా ప్రతి వైద్యుడూ చెప్పగలిగిన సంగతులు ఇవి.

కళ్లద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. లెన్సు కంటిమీదనే కూర్చుంటుంది. అందువల్ల అద్దానికి మైనస్ 6.00 ఉన్నవారికి లెన్సులో సుమారు మైనస్ 5.50 సరిపోతుంది. ఇక చీటీలో అసలే లేనిది వంపు. కార్నియా వంపు అందరికీ ఒకటి కాదు. మెత్తని లెన్సుల వంపు సాధారణంగా 8.4 నుంచి 8.8 మిల్లీమీటర్ల మధ్య, వ్యాసం 14 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటాయి. కార్నియాలో రక్తనాళాలు లేవు. కన్నీటి ద్వారా గాలిలోని ప్రాణవాయువును అది గ్రహిస్తుంది. బిగుతైన లెన్సు రెప్ప వేసినప్పుడు కదలదు, దాని కింద కన్నీరు మారదు. వదులైనది జారి కంటిని ఒరుస్తుంది.

మన సీమలో మరొక చిక్కు ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ నేలలో గాలి పొడిగా ఉంటుంది. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే ఆ గాలే మన కన్నీటి పొరను ఆరబెడుతుంది, లెన్సు కిందికి దుమ్మును చేరుస్తుంది. కన్నీరు తక్కువగా ఊరేవారికి లెన్సులు అసలే సరిపడకపోవచ్చు.

కనుక లెన్సులు కొనేముందు కార్నియా వంపు కొలిపించుకోండి, కన్నీటి పరీక్ష చేయించుకోండి. నమూనా లెన్సు పెట్టించుకొని, అది సరిగా కదులుతున్నదో లేదో స్లిట్ ల్యాంప్ కింద చూపించుకోండి. పెట్టుకోవడం, తీయడం నేర్చుకోండి. పవరు, వంపు, వ్యాసం, లెన్సు పేరు, మార్చవలసిన గడువు, ఇవన్నీ ఉన్న చీటీ అడిగి తీసుకోండి. ఆ చీటీ ప్రకారం ఆన్‌లైన్‌లో కొనుక్కొంటే తప్పులేదు. అమెరికాలో 2003 నాటి చట్టం ప్రకారం చీటీని సరిచూసుకోకుండా లెన్సులు అమ్మరాదు. పవరు లేని రంగు లెన్సులకూ అక్కడ చీటీ కావాలి.

లెన్సులను కుళాయి నీటితో గాని బోరు నీటితో గాని కడగకండి. అందులోని అకాంతమీబా అనే సూక్ష్మజీవి కంటిచూపునే హరించగలదు. లెన్సులతో నిద్రపోకండి. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా లెన్సు తీసివేసి ఆనాడే నేత్రవైద్యుణ్ణి కలవండి. దుకాణంలో అడిగి చుక్కల మందు వేసుకోకండి.

మా పిల్ల కళ్లద్దాలతోనే పెళ్లిపీటల మీద కూర్చుంది. ఆ ఫొటో మా ఇంట్లో ఉంది. చూసినవారంతా పెళ్లికూతురు చక్కగా ఉందన్నారు. నాకు మాత్రం అది చూసినప్పుడల్లా నేను అడగని ప్రశ్న గుర్తుకు వస్తుంది. ఇప్పుడు ఎవరు నంబరు అడిగినా, ముందు ఎందుకని అడుగుతున్నాను.