42 ఐసిస్

నాలుగేళ్లు నిండని పిల్లకు ఎవరైనా బొమ్మ కొనిపెడతారు. ఐసిస్ పాగ్సన్‌కు గ్రహశకలం దక్కింది. 1856 మే 23న ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ అబ్జర్వేటరీలో ఆమె తండ్రి నార్మన్ పాగ్సన్ కనిపెట్టిన మొదటి గ్రహశకలం అది. పేరు పెట్టినవాడు మాత్రం అక్కడి అధిపతి మాన్యుయెల్ జాన్సన్. ఐసిస్ ఈజిప్టువాళ్ల దేవత. ఆక్స్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ నదికీ ఆ పేరుంది. దేవతనీ నదినీ పాపనీ ఒక్క పేరుతో సరిపెట్టేశాడు, గడుసువాడే!

అప్పటికి ఆకాశాన్ని ఫొటోలు తీసి వెతికే పద్ధతి రాలేదు. నక్షత్రపటం పక్కన పెట్టుకుని, టెలిస్కోపులోంచి చూస్తూ, పటంలో లేని చుక్క ఏదైనా కనిపిస్తుందేమోనని ఒక్కో చుక్కనే పోల్చుకుంటూ పోవాలి. కనిపించినా సంబరపడడానికి లేదు. పటం గీసినవాడే దాన్ని వదిలేసి ఉండవచ్చు. మర్నాడు మబ్బు పట్టకపోతే మళ్లీ చూడాలి. పక్క చుక్కల మధ్య నుంచి అది రవ్వంత జరిగిందా, అప్పుడు నమ్మాలి. ఇంత ఓపిక పట్టాక తేలేది కుజుడికీ గురుడికీ నడుమ తిరిగే ఓ రాయి. ఐసిస్ అడ్డకొలత సుమారు వంద కిలోమీటర్లు. సూర్యుణ్ణి ఒకసారి చుట్టిరావడానికి దానికి 3.8 ఏళ్లు పడుతుంది.

పాగ్సన్ తర్వాత మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చాడు. 1861 ఏప్రిల్ 17న నుంగంబాకంలో అతనికి దొరికినది ఈ ఖండం నుంచి కనుగొన్న మొదటి గ్రహశకలం. అందుకే దాని పేరు ఏషియా. 1873లో కూతురు అక్కడే సహాయకురాలిగా చేరింది. 1881 నుంచి మద్రాసు ప్రభుత్వానికి వాతావరణ నివేదికల బాధ్యత కూడా ఆమెదే. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే కనుక, మన వానల లెక్కలతోనూ ఆమెకు పని పడే ఉంటుంది.

1886లో తండ్రి ఆమె పేరును లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యత్వానికి ప్రతిపాదించాడు. సొసైటీ చార్టర్ సభ్యులను మగవాళ్లుగానే పేర్కొంటోందన్న కారణం చూపి కాదన్నారు. రాతికి ఆమె పేరు పెట్టడానికి ఏ చార్టరూ అడ్డం రాలేదు మరి! పాగ్సన్ 1891లో మద్రాసులోనే పోయాడు. ఆమె ఉద్యోగం మానేసి, పెళ్లి చేసుకుని ఐసిస్ కెంట్ అయింది. 1920లో, 68వ ఏట, సొసైటీ ఆమెను సభ్యురాలిగా తీసుకుంది. ఒక్క ఆమోదానికి పట్టిన ఆ 34 ఏళ్లలో 42 ఐసిస్ సూర్యుడి చుట్టూ దాదాపు తొమ్మిది చుట్లు తిరిగింది.