మహేంద్రగిరి వాగులలోని కప్పలు

పలాస దాటి మందస చేరినవారికి వాయవ్యమున మహేంద్రగిరి కానవచ్చును. గిరి ఒడిశాలోనిది, ఎత్తు 1,501 మీటర్లు. పరశురాముని తపోభూమియని పురాణప్రసిద్ధి. మేము మాత్ర మా కొండదాపున వాగులలోని కప్పలను చూచుచు నిలిచిపోతిమి. సోదరీమణులు నవ్వుదురు గాక!

కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మముతోనే పీల్చుకొనును. కొంత యూపిరియు చర్మముతోనే. నీట విషము కలసిన నది నేరుగా దాని దేహమున జేరును.

ఈశాన్య హిమాలయపు సెలయేళ్లలో అమోలాప్స్ అను కప్పజాతి కలదు. దాని తోకపిల్లలకు పొట్టక్రింద గిన్నెవంటి యంగ ముండును. దానితో బండ నంటిపట్టుకొని యెంతటి వడినైనను నిలుచును. మన వాగులలో నట్టిది లేదుగాని, చెట్టుకప్ప చేయు పని యింతకంటె ముచ్చటైనది. మనము మజ్జిగ చిలికినట్లు అది వెనుకకాళ్లతో నురుగు చిలికి, అందు గ్రుడ్లు పెట్టి, నీటిపైకి వంగిన కొమ్మ కంటించును. పిల్లలు నీటిలోనికి జారిపడును. క్రింద నీరెండినచో వాని బ్రతుకంతే.

అచట బిందె ముంచుచున్న సవరస్త్రీ, "కప్ప లుండుచోటనే ముంచుకొందు మమ్మా" యనెను. కప్ప యున్నంతమాత్రాన నీరు శుద్ధమనరాదు. కాని ఉద్దానమున మూత్రపిండవ్యాధికి కారణ మింకను తేలలేదు. ఇంటింట నీటిబిందెను అనుమానముతో చూచు మాకు ఆమె నిశ్చింత యసూయ గలిగించినది.

కప్పకాళ్ల యెగుమతిని ప్రభుత్వము 1987లో నిషేధించినది. వాగుల కట్టి రక్షణ మింకను రావలసియున్నది.