ఇరవై గడపలు, ఒక సంపు

అపార్ట్‌మెంట్ ఒక విచిత్రమైన ఊరు. ఒకరి ఇంటికి కప్పు అయినది మరొకరి ఇంటికి నేల అవుతుంది. గోడకు ఈవల ఒక కుటుంబం, ఆవల మరొక కుటుంబం. తలుపులు మూసుకుంటే ఎవరి ప్రపంచం వారిది. అయినా అందరి గొంతులనూ తడిపేది ఒకే సంపు. వర్షాకాలంలోనూ చలికాలంలోనూ ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఎండలు ముదిరి, సంపులో మోటారు గాలి పీల్చిన రోజున మాత్రం అందరికీ ఒకేసారి తెలిసివస్తుంది.

మేము హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, ఐదు అంతస్తులు, ఇరవై ఫ్లాట్లు గల ఒక భవనంలో పన్నెండేళ్ళుగా నివసిస్తున్నాము. పుట్టినది నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె. వృత్తి మదరసాలో హదీసు, ఫిఖహ్ బోధన. మా భవనంలో పద్నాలుగు ముస్లిం కుటుంబాలు, ఆరు హిందూ కుటుంబాలు ఉన్నాయి. సంఘం కార్యదర్శి గారు బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. వయసును చూసో, గడ్డాన్ని చూసో, సంఘం పెద్దలలో ఒకరిగా మమ్మల్ని కూడా కూర్చోబెట్టారు. ఈ వేసవిలో అక్కడ మేము చూసినవి, ఆలోచించినవి పాఠక సోదర సోదరీమణులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మార్చి నెలలో ఏటా సంపును, మేడ మీది ట్యాంకులను కడిగిస్తాము. సంపు మూత తీసి కొన్ని గంటలు గాలి ఆడనిచ్చిన తరువాతే మనిషిని దించాలి. పైన మరొకరు కనిపెట్టుకొని ఉండాలి. మూసి ఉన్న తొట్టిలో చేరే విషవాయువు మనిషిని క్షణాల్లో పడగొట్టగలదు. నాలుగు వందల రూపాయలు మిగులుతాయని ఒంటరి కూలీని చీకటి గోతిలోకి దించడం నీళ్ళు శుభ్రం చేసుకోవడం కాదు, ఒక ప్రాణంతో పందెం కాయడం.

ఈసారి ట్యాంకు కడిగేటప్పుడు ఒక చచ్చిన పావురం బయటపడింది. మూత పగిలి ఏడాది అయిందట! ఆ సాయంత్రం మా గుమ్మం ముందు ఆరుగురు నిలబడ్డారు. “మౌలానా సాబ్, ఈ నీళ్ళతో చేసిన వుజూ సంగతేమిటి? చదివిన నమాజుల సంగతేమిటి?” అని అడిగారు. హనఫీ ఫిఖహ్ గ్రంథాలలో బావిలో పడిన పక్షి గురించి చాలా వివరంగా చర్చించారు. పడిన వేళ తెలియనప్పుడు, కళేబరం ఉబ్బకపోతే ఒక పగలు ఒక రాత్రి నమాజులు, ఉబ్బితే మూడు రోజుల నమాజులు తిరిగి చేయాలని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. కనుగొన్న క్షణం నుంచే నీటిని అపవిత్రంగా లెక్కించాలని ఆయన ఇద్దరు శిష్యుల అభిప్రాయం. ఇదంతా వివరించి, చివరకు ఒక్క మాట అన్నాము: “ఫత్వా కోసం ఆరుగురు వచ్చారు. పగిలిన మూత కోసం ఏడాదిలో ఒక్కరైనా మేడ ఎక్కి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు.” అందరూ నవ్వారు. మరునాడు కొత్త మూత వచ్చింది.

ఇక నీటి లెక్క. పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని మన దేశంలో నీటి సరఫరాకు ప్రమాణం పెట్టుకున్నారు. మా భవనంలో సుమారు వంద మంది ఉన్నారు. అంటే రోజుకు 13,500 లీటర్లు. 2021లో మొదలైన పథకం ప్రకారం నగరంలో ఇంటికి నెలకు 20,000 లీటర్ల వరకు నీరు ఉచితం. ఇరవై ఫ్లాట్లకు కలిపితే రోజుకు పదమూడు వేల పైచిలుకు. కాగితం మీద రెండు లెక్కలూ దాదాపు సరిపోతాయి. కాని వేసవిలో పైపుకు కాగితం సంగతి తెలియదు. మా వీధికి నీరు రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున, సన్నని ధారగా వస్తుంది. ఏప్రిల్ సగానికి బోరు కూడా ఎండింది. ఇక ట్యాంకర్లే దిక్కు. బోర్డు వారి 5,000 లీటర్ల ట్యాంకరు దొరికితే అదృష్టం. దొరకకపోతే ప్రైవేటు ట్యాంకరు అడిగినంత ఇవ్వవలసిందే.

1908లో మూసీ వరద ఈ నగరాన్ని ముంచెత్తింది. అటువంటిది మళ్ళీ రాకూడదని 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ నిర్మించారు. ఆ జలాశయాలే తరువాత నగరపు దాహం తీర్చాయి. అవి చాలక మంజీర వచ్చింది. మంజీర చాలక వందకు పైగా కిలోమీటర్ల దూరం నుంచి కృష్ణ, గోదావరి నీళ్ళు పైపుల్లో వస్తున్నాయి. ఇంత దూరం ప్రయాణించి వచ్చిన నీరు మన కుళాయిలో చుక్క చుక్కగా కారిపోతుంటే వాషరు మార్చడానికి మనకు తీరిక ఉండదు.

ట్యాంకరు ఖర్చును పంచుకోవడానికి కార్యదర్శి గారు ఒక కాగితం తయారు చేశారు. ఇరవై గడులు గీసి, ఒక్కొక్క ఇంట్లో ఎందరున్నారో వ్రాశారు. మేము ఆ కాగితం చూసి, “ఇరవై ఒకటో పొయ్యి ఎక్కడండీ?” అని అడిగాము. సెల్లార్‌లో ఒక గదిలో వాచ్‌మన్, అతని భార్య, ఇద్దరు పిల్లలు ఉంటారు. పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి వాల్వు తిప్పేది అతడే. సంపు ఎండితే ముందుగా ఎండేది అతని కుళాయే. ముందుగా మాటపడేది కూడా అతడే. “సంపుల నీళ్ళుంటే నేనెందుకు బంద్ చేస్త సార్?” అని అతడు రోజుకు పదిసార్లు చెప్పుకోవలసి వస్తున్నది. కార్యదర్శి గారు వెంటనే ఇరవై ఒకటో గడి గీశారు. ఆ నలుగురి నీటి ఖర్చు ఇరవై ఇళ్ళ మీద పడింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అంతకుముందు ఎవరికీ తోచనూ లేదు.

ఏప్రిల్ చివరి వారంలో, ఇషా నమాజు తరువాత సెల్లార్‌లో సమావేశం జరిగింది. రెండు ప్రతిపాదనలు ముందుకు వచ్చాయి. మొదటిది, కింది అంతస్తులోని ఒక సోదరుడు తన వాటా పార్కింగు స్థలంలో సొంతంగా బోరు వేసుకుంటానన్నారు. “నా డబ్బుతో, నా జాగాలో వేసుకుంటాను. పైవారికి ట్యాంకరు బాధ కూడా కొంత తగ్గుతుంది” అన్నారు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు.

సహీహ్ బుఖారీలో హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఓడ ఉపమానం ఈ సందర్భానికే చెప్పినట్లుంటుంది. ఓడలో చీట్లు వేసుకొని కొందరు పై అంతస్తులో, కొందరు కింది అంతస్తులో చేరారు. కిందివారు నీటి కోసం పైకి వెళ్ళవలసి వచ్చేది. పైవారికి ఇబ్బంది కలుగుతున్నదని, తమ భాగంలోనే ఒక రంధ్రం చేసుకుంటే సరిపోతుందని వారు తలచారు. వారిని వారి మానాన వదిలేస్తే అందరూ మునుగుతారని, చేయి పట్టుకొని ఆపితే అందరూ బ్రతుకుతారని దైవప్రవక్త (స) బోధించారు. మేము ఎన్నో ఏళ్ళుగా ఈ హదీసును పాఠంగా చెబుతున్నాము. రంధ్రం చేయదలచిన వారు దుర్మార్గులు కారన్న అంశం ఈ వేసవిలో మరింత స్పష్టంగా కనిపించింది. వారు పక్కవారి సౌకర్యం కోసమే ఆలోచించారు. అయినా ఓడ అడుగు ఒక్కటే కదా! భూమి లోపలి నీటికి పార్కింగు గీతలు ఉండవు. పైగా 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు ముందుగా అనుమతి తీసుకోవలసి ఉంటుంది. ఆ సోదరుడు విని, కొంతసేపు మౌనంగా ఉండి, తన ప్రతిపాదనను ఉపసంహరించుకున్నారు.

రెండవ ప్రతిపాదన బరువైనది. మూడు ఫ్లాట్లు అయిదు నెలలుగా మెయింటెనెన్సు చెల్లించడం లేదు. “మేము డబ్బు కట్టి ట్యాంకరు తెప్పిస్తే వాళ్ళు హాయిగా స్నానాలు చేస్తున్నారు. ప్లంబరును పిలిచి ఆ మూడు ఇళ్ళ పైపులకు వాల్వులు బిగించి మూసేయండి” అని కొందరు పట్టుబట్టారు. వారి కోపంలో న్యాయం లేకపోలేదు. కట్టేవారిలో ఆటో నడిపి బ్రతికే ఇల్లు కూడా ఉన్నది. కాని మే నెలలో, పసిపిల్లలున్న ఇంటికి నీరు ఆపడమా? మేము రెండు రోజులు గడువు అడిగాము. కార్యదర్శి గారితో కలిసి మూడు తలుపులూ తట్టాము.

బాకీ ఒకటే అయినా కారణాలు మూడు. మొదటి ఇంట్లో అద్దెకున్నవారు నెలనెలా అద్దెతో పాటు మెయింటెనెన్సు కూడా యజమానికి పంపుతున్నారు. విదేశంలో ఉన్న యజమాని దానిని సంఘానికి చేర్చడం లేదు. వాల్వు మూస్తే దాహంతో అలమటించేది కట్టినవారు. కట్టనివారికి అక్కడ చల్లగానే ఉంటుంది. రెండవ ఇల్లు గ్రౌండ్ ఫ్లోరు. “నేను లిఫ్టు ఎక్కను. లిఫ్టు ఖర్చు నేనెందుకు పెట్టాలి?” అన్నది ఆయన వాదన. కట్టగల స్థోమత ఉంది; మనసు లేదు. మూడవ ఇంట్లో తలుపు సగం తెరిచి ఒక సోదరి మాట్లాడింది. భర్త రియాద్‌లో పనిచేస్తున్నాడు. అయిదు నెలలుగా జీతం అందలేదు. “మౌలానా సాబ్, జకాత్ అని మాత్రం ఇవ్వకండి. ఆయన పైసలు రాగానే లెక్కగా కడతాము. కొంచెం మొహలత్ ఇప్పించండి” అన్నది.

స్థోమత ఉండి బాకీని వాయిదా వేయడం అన్యాయమని హదీసు చెబుతున్నది. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వాలని దివ్య ఖుర్ఆన్ బఖరా అధ్యాయంలో ఆదేశిస్తున్నది. ఈ రెండూ ఒకే ధర్మంలోని మాటలు. ఒకదానిని పట్టుకొని మరొకదానిని వదిలేస్తే, కఠినులమో చేతకానివారమో అవుతాము. ఎవరి ముందు ఏది చెప్పాలో తెలియాలంటే ముందు వారి తలుపు తట్టాలి.

మరొక చిక్కు కూడా ఉంది. సంఘం డబ్బు అమానతు. ఇరవై ఇళ్ళ సొమ్ముతో మేము దాతృత్వం చూపితే అది దాతృత్వం కాదు, అమానతులో ఖియానతు. కాబట్టి రెండవ సమావేశంలో మేము బాకీ మాఫీ కోరలేదు. నీటిని శిక్షగా వాడవద్దని మాత్రమే కోరాము. బాకీ వసూలుకు వేరే మార్గాలు చూపాము. విదేశంలోని యజమానికి సంఘం తరఫున ఉత్తరం వెళ్ళింది. ఇక మీదట మెయింటెనెన్సు అద్దె నుంచి మినహాయించి నేరుగా సంఘానికి చేరేటట్లు ఒప్పందం కుదిరింది. గ్రౌండ్ ఫ్లోరు సోదరుని కోసం నీటి లెక్కను, లిఫ్టు లెక్కను విడదీశారు. ఆయన నీటి బాకీ మొత్తం కట్టారు. లిఫ్టు తగవు ఇంకా తెగలేదు. తెగే వరకు మాటలు మానుకోవద్దని ఇరువైపులా చెప్పి ఉంచాము.

మూడవ ఇంటి బాకీ పుస్తకంలో అట్లాగే ఉంచాలని, గడువు ఇవ్వాలని తీర్మానించారు. ఆ నెలల లోటు పూడ్చడానికి ఎవరి జేబు నుంచి వారు ఖర్జె హసనా ఇవ్వవచ్చని చెప్పాము. మరునాటి ఉదయం కార్యదర్శి గారి తలుపు కింద నుంచి మొదటి కవరు లోపలికి వచ్చింది. తరువాత తెలిసింది, అది ఆరు హిందూ కుటుంబాలలో ఒకరిదని. పేరు బయటపెట్టవద్దన్నారు. మరొక ఇంటివారు తమ తల్లి పేరిట ఒక ట్యాంకరు ఖర్చు భరించారు. తల్లి మరణానంతరం ఏ దానం శ్రేష్ఠమని హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) అడగగా, నీరు అని దైవప్రవక్త (స) సెలవిచ్చారనీ, ఆయన ఆమె పేరిట బావి తవ్వించారనీ హదీసులో ఉంది. నేటి నగరంలో ఆ బావి ట్యాంకరు రూపంలో గేటు ముందు ఆగుతున్నది.

అయితే ట్యాంకరు తెప్పించడం కన్నా నీరు మిగల్చడం సులువు. మదరసాలో ఒకనాడు కుళాయి కింద బకెట్టు పెట్టించి వుజూ చేయించాము. ఒక్కొక్క విద్యార్థికి ఆరేడు లీటర్లు పోయాయి. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే ముప్పావు లీటరుకూ లీటరుకూ మధ్య కొలతతో వుజూ ముగించేవారు. ఒక సాఅ, అంటే నాలుగు ముద్‌ల నీరు మొదలుకొని ఐదు ముద్‌ల వరకు ఆయన గుస్ల్‌కు సరిపోయేది. ఆ పిల్లలు ఇప్పుడు చెంబుతో వుజూ చేస్తున్నారు. ఇళ్ళలో తల్లులకు కూడా చెబుతున్నారట.

రోహిణి కార్తె ఎండలు వెళ్ళకముందే మా భవనంలో ఇంకుడు గుంత పూడిక తీయించాము. ఎనిమిదేళ్ళ మట్టి, ప్లాస్టిక్ సంచులు బయటికి వచ్చాయి. మేడ మీది గొట్టాన్ని దానికి కలిపాము. మా మేడ వైశాల్యం సుమారు 400 చదరపు మీటర్లు. ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే 4,000 లీటర్లు, అంటే ఇంచుమించు ఒక ట్యాంకరు, డబ్బు అడగకుండా మేడ మీద వాలుతుంది. ఇన్నేళ్ళూ దానిని మురుగు కాలువలోకి పంపాము. నీరు భూమిలోకి ఇంకిపోతే పారే నీటిని మీకు తెచ్చి ఇచ్చేవారెవరని ముల్క్ అధ్యాయపు చివరి ఆయతు మానవులను ప్రశ్నిస్తున్నది. సమాధానం ఒక్కటే, అల్లాహ్ మాత్రమే. అయితే ఆయన పంపిన నీటిని నిలుపుకునే గుంత తవ్వవలసిన పని మాత్రం మనది.

పాఠకులారా! మీరు ఉండేది అపార్ట్‌మెంటైనా, పెంకుటిల్లైనా, ఈ వారంలోనే ఒకసారి మేడ ఎక్కి మూత చూడండి. కారే కుళాయికి వాషరు వేయించండి. బాకీ పడిన పొరుగువారి మీద తీర్పు చెప్పే ముందు వారి తలుపు తట్టండి. మీ లెక్కల కాగితంలో ఇరవై ఒకటో గడి ఉన్నదో లేదో చూసుకోండి. కరుణామయుడైన అల్లాహ్ మన నేలను సకాలంలో తడిపి, మన హృదయాలలోనూ ఆ తడిని నిలుపుగాక! ఆమీన్.