వేడి చేసిందిట!

మన ఆడవాళ్ళ బాధల్లో సగానికి ఒకటే పేరు: "వేడి చేసింది". కళ్ళు మండితే వేడే, నోరు పూస్తే వేడే. ఇక ఆ మూడో మంట సంగతి చెప్పనే అక్కర్లేదు. "ఒంటికి వెళ్తుంటే మంటగా ఉంది" అన్న మాట గొంతు దాటి రాదు. వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "కాస్త వేడి చేసిందే" అంటారు. విన్నవాళ్ళకి అర్థమైపోతుంది. బార్లీ కాస్తారు, సబ్జా గింజలు నానబెడతారు, కొబ్బరిబోండాం తెప్పిస్తారు. ఎందుకో మాత్రం మగవాళ్ళకి చెప్పరు.

మా అక్కయ్య ఈ విద్యలో ఆరితేరిన మనిషి. ముప్పై ఏళ్ళు టీచరుగా చేసింది. అందులో మొదటి పదిహేనేళ్ళు పనిచేసిన బడిలో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. పొద్దున్న కాఫీ తాగి వెళ్తే మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకే మంచినీళ్ళు. తాగితే వెళ్ళాలి కదా, వెళ్ళడానికి చోటేదీ? ఏడాదికి మూడు నాలుగు సార్లు "వేడి చేసేది". చలిజ్వరం వచ్చి వణికితే తప్ప డాక్టరు గడప తొక్కేది కాదు. ఆ డాక్టరు మగాయన మరి!

తమాషా ఏమిటంటే, ఆవిడ కన్న కూతురు హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో చేసే ఉద్యోగం సరిగ్గా ఈ "వేడి" మీదే. నేను బి.ఏ. చదివినదాన్ని. సైన్సంటే దూరం నుంచే దణ్ణం పెట్టే రకం. "పిన్నీ, నీకు కథలా చెప్తాగా" అంది. కథంటే నేను కాదంటానా!

కథలో దొంగ పేరు ఈ.కోలి. 1885లో ఎషెరిక్ అనే పిల్లల డాక్టరు పసిపిల్లల మలంలో దీన్ని కనిపెట్టాడు. మన పేగుల్లో ఉన్నంతసేపూ చాలావరకు బుద్ధిగానే ఉంటుందిట. దారి తప్పి మూత్రకోశంలోకి చేరిందా, మంట మొదలు. ఇలాంటి మంటల్లో నాలుగింట మూడొంతులు దీని చలవే. (చలవ అనకూడదేమో!)

దాని ఒంటినిండా వందలకొద్దీ సన్నని నూగు ఉంటుంది. ఆ నూగుని ఫింబ్రియే అంటారు. ఆ మాటకి లాటిన్లో అర్థం అంచుకి వేలాడే కుచ్చులుట. పమిటచెంగుకి వేయించుకుంటామే, అవి! ఒక్కొక్క పోగు చివరా ఒక్కొక్క ప్రోటీను. పేరు ఫిమ్‌హెచ్. 279 అమైనో ఆమ్లాలు గొలుసుగా ముడుచుకుంటే అదయింది. మూత్రకోశం లోపలి పొర మీద మానోజ్ అనే చక్కెర ఉంటుంది. ఈ ప్రోటీను ఆ చక్కెరని పట్టుకుంటుంది.

"పట్టుకుంటే మాత్రం ఏం? ధారకి కొట్టుకుపోదుటే?" అన్నాను.

"అక్కడే ఉంది అసలు కథ" అంది.

2002లో అమెరికాలో సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు దీని గుట్టు బయటపెట్టారు. ధార లేనప్పుడు ఈ ప్రోటీను పట్టు వదులుగానే ఉంటుంది. సూక్ష్మజీవి అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. ధార వచ్చి లాగినప్పుడు పట్టు బిగుస్తుంది! నూతి చేదకి కట్టిన ఉచ్చుముడి లాగినకొద్దీ బిగిసినట్టన్నమాట. చంటివాడు కొంగు పట్టుకున్నాడనుకోండి, విడిపించబోతే ఇంకా గట్టిగా పట్టుకోడూ? కళ్ళు లేవు, మెదడు లేదు, ఈ తెలివి ఎక్కడిదో దానికి!

మా అమ్మాయి చేతికి ఈ ప్రోటీను చిన్న సీసాలో వస్తుంది. సూక్ష్మజీవి మీంచి గీకి తీసింది కాదు. ఆ ప్రోటీను తయారీ రాసి ఉన్న జన్యువుని తీసి, డి.ఎన్.ఏ. ఉంగరం ఒకదానిలో అతికి, సాధువైన ప్రయోగశాల ఈ.కోలిలోకి ఎక్కిస్తారు. అది పెరిగిందాకా ఉండి, పగలగొట్టి, కావలసినదొక్కటీ ఏరుకుంటారు. ఏరడానికో ఉపాయం: ప్రోటీనుకి ముందే హిస్టిడిన్ తోక తగిలిస్తారు. ఆ తోక నికెల్‌కి అంటుకుంటుంది, తక్కిన చెత్తంతా కడుక్కుపోతుంది. ఇలా అతుకుబెట్టి చేయించినదాన్నే రీకాంబినెంట్ ప్రోటీను అంటారు. 1982 నుంచి షుగరు రోగులు వాడుతున్న మనిషి ఇన్సులిన్ కూడా ఇలా వచ్చిందేట.

ఈ ఫిమ్‌హెచ్‌కి ఒక పేచీ ఉంది. పూర్తి ప్రోటీను ఒంటరిగా నిలవలేదు, పాడైపోతుంది. అంచేత ఫిమ్‌సి అనే ఇంకో ప్రోటీనుని తోడిచ్చి తయారు చేస్తారు. లేదా పట్టుకునే భాగం మటుకే చేస్తారు. ఆ తోడు ప్రోటీన్లకి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు షాపెరోన్. పూర్వం దొరల ఇళ్ళలో పెళ్ళికాని పిల్లని ఒంటరిగా పంపకుండా వెంట పంపే పెద్దావిడని అలా అనేవారు. ప్రయోగశాలలో కూడా ఆడపిల్లకి తోడు తప్పలేదన్నమాట!

ఆ ప్రోటీనుని పలకకి పూసి, రకరకాల మందుల్ని దాని మీద వేసి, ఏది దాని పట్టు తప్పిస్తుందో చూడడం మా అమ్మాయి పని. సూక్ష్మజీవిని చంపక్కర్లేదు, పట్టు తప్పిస్తే చాలు, అదే కొట్టుకుపోతుందని ఆశ. వాడగా వాడగా యాంటీబయాటిక్సుకి లొంగని ఈ.కోలి పెరిగిపోతోంది కనక ఈ తాపత్రయం.

మా అక్కయ్య ఇదంతా వింటూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఉన్నట్టుండి, "ఆ సీసాలోది నాకు కాస్త పనికిరాదుటే?" అంది.

"అది మందు కాదమ్మా, దొంగ చెయ్యి! సీసా మీదే రాసుంటుంది, పరిశోధనకి మాత్రమే అని."

"పోనీ ఆ చక్కెరేదో తాగేస్తే?"

చూశారా, మా అక్కయ్య బుర్ర! ఆ చక్కెర పొడి అమ్ముతున్నారు కూడా. తర్కం బాగానే ఉంది. కానీ బ్రిటన్‌లో 598 మంది ఆడవాళ్ళకి ఆరు నెలలు పరీక్ష పెట్టి 2024లో ఫలితం చెప్పారు. ఆ పొడి తాగినవాళ్ళలో 51 శాతానికి మళ్ళీ వచ్చింది, ఉత్త తీపిపొడి తాగినవాళ్ళలో 55.7 శాతానికి. అది చెప్పుకోదగ్గ తేడా కాదన్నారు. డబ్బు దండగే.

నీళ్ళ సంగతి వేరు. తక్కువ నీళ్ళు తాగే అలవాటుండి, ఈ బాధ మాటిమాటికీ వచ్చే 140 మంది ఆడవాళ్ళని తీసుకుని, సగం మందికి రోజూ మరో లీటరున్నర నీళ్ళు పట్టించారు. ఏడాదిలో వాళ్ళకి సగటున 1.7 సార్లు వస్తే, తక్కినవాళ్ళకి 3.2 సార్లు వచ్చింది. 2018 నాటి మాట. ధారకి పట్టు బిగుస్తుందన్నారు కదా, మరి నీళ్ళెలా పనిచేస్తాయని నేనడిగాను. మన మూత్రపిండాలు ఎప్పుడూ యూరోమోడ్యులిన్ అనే దారాలు వడుకుతూ ఉంటాయిట. వాటికీ మానోజ్ ఉంటుంది. దొంగ గోడననుకుని ఆ దారాల్ని పట్టుకుని, వాటితోపాటే బయటికి పోతుంది. అలా పోవాలంటే మనం వెళ్ళాలి. వెళ్ళాలంటే తాగాలి.

అక్కయ్య చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి, "అంటే, పదిహేనేళ్ళు నేను దాన్ని నీళ్ళు తాగకుండా పెంచానన్నమాట" అంది. ఎవరం ఏమీ అనలేదు. అది ఆవిడ తప్పా?

ఈ మధ్య చేతిసంచీలో నీళ్ళసీసా పెట్టుకునే తిరుగుతోంది. డాక్టరు కూతురి ముందు "మూత్రంలో మంట" అని పేరు పెట్టి చెప్పింది కూడా. ఊరు ప్రయాణం రోజు మాత్రం ఆ సీసా నిండా నీళ్ళు అలాగే ఇంటికి తిరిగొస్తాయి. బస్టాండులో ఆ గది తలుపుకి గడియ లేదుట.