మార్గముపై మమకారము

సాధకుడు విడువవలసినవి ఏవి అని ఎవరైన అడిగినచో ధనము, దేహాభిమానము, పుత్రమిత్రాదుల యందలి మోహము, కీర్తికాంక్ష అని మనమందరము తడుముకొనకుండ చెప్పగలము. అయితే ఈ పట్టికలో “నా సాధన”, “నా మార్గము”, “నా గ్రంథము” అనునవి సాధారణముగా చేరవు. వాటిని విడువవలసి యుండునన్న తలంపునకే మనస్సు జంకును. అద్వైతశాస్త్రము ఆ జంకును ఏనాడో గుర్తించినది. వివేకచూడామణి జ్ఞానోదయమునకు అడ్డుపడు వాసనలను చెప్పుచు, లోకవాసన, దేహవాసనల సరసనే శాస్త్రవాసనను కూడ నిలిపినది. తనపై గల ఆసక్తి కూడ బంధమేనని శాస్త్రమే చెప్పుచున్నదన్న మాట.

14వ శతాబ్దికి చెందిన శృంగేరీ పీఠాధిపతులు విద్యారణ్యస్వామివారు జీవన్ముక్తివివేకమున ఈ శాస్త్రవాసనను మరింత సూక్ష్మముగా పరిశీలించిరి. ఇది మూడు విధములు: పాఠవ్యసనము, బహుశాస్త్రవ్యసనము, అనుష్ఠానవ్యసనము. ఇక్కడ “వ్యసనము” అను పదమును గమనింపుడు. జూదమునకు, మద్యమునకు వాడు మాటను స్వామివారు వేదాధ్యయనమునకు, కర్మానుష్ఠానమునకు వాడిరి. వస్తువు పవిత్రమైనంత మాత్రమున దానిని పట్టుకొను పట్టు పవిత్రము కాదని తాత్పర్యము.

మొదటిదానికి భరద్వాజమహర్షి దృష్టాంతము. ఆయన మూడు ఆయుర్దాయములు వేదాధ్యయనముననే గడపెను. నాలుగవ ఆయువు నిచ్చినచో ఏమి చేయుదువని ఇంద్రుడు అడుగగా, మరల అధ్యయనమే చేయుదునని పలికెను. అంతట ఇంద్రుడు పర్వతముల వంటి మూడు రాసులను చూపి, ఒక్కొక్కదాని నుండి పిడికెడు తీసి, నీవు ఇంతవరకు చదివినది ఇంతేనని, వేదములు అనంతములని తెలిపెను. రెండవదానికి దుర్వాసుడు దృష్టాంతము. బండెడు గ్రంథములతో సభకు వచ్చిన ఆ మహర్షిని నారదుడు బరువు మోయు గాడిదతో పోల్చగా, ఆయన ఆ గ్రంథములను సముద్రమున విడిచెనట.

మూడవది నిదాఘుని కథ. విష్ణుపురాణమున ఇది విపులముగా కలదు. గురువైన ఋభువు శిష్యుని వెదకికొనుచు వచ్చి ఒకసారి బోధించెను. శిష్యుడు కర్మశ్రద్ధను వీడలేదు. చాలకాలమునకు గురువు మరల వచ్చెను. అప్పుడు నిదాఘుడు అరణ్యము నుండి సమిధలు, దర్భలు తెచ్చుకొనుచు, ఆకలితో ఊరి వెలుపల నిలిచియుండెను. రాజు ఏనుగుపై నగరప్రవేశము చేయుచుండెను. ఋభువు ఏమియు ఎరుగనివానివలె రాజెవరు, ఏనుగేది, పైన అనగా ఏమి, క్రింద అనగా ఏమి అని ప్రశ్నించెను. నిదాఘుడు విసిగి ఆయన వీపుపైకెక్కి, రాజువలె నేను పైన, ఏనుగువలె నీవు క్రింద అని చూపెను. “అట్లైన నీవెవరు, నేనెవరు?” అని అడిగెను ఋభువు. ఆ ప్రశ్నతో నిదాఘుడు దిగి పాదములపై పడెను. ఆయన చేతిలోని సమిధలలో దోషమేమియు లేదు. ఆ సమిధలు మోయుచున్నవాడెవడన్న విచారణ మాత్రము అంతవరకు ఆరంభము కాలేదు.

ఈ మూడు కథలను నేను పలుమార్లు చదివితిని, సత్సంగములలో వినిపించితిని. వాటి పదును నాకు తెలిసినది గత మాఘమాసమున.

ఇరువదియేడు సంవత్సరములుగా తెల్లవారుజామున ఒక గంట భాష్యపఠనము నా నియమము. ప్రయాణములలోను, ఇంట శుభాశుభములలోను అది తప్పలేదు. మాఘమాసమున నా దృష్టి మధ్యభాగమున ఒక మసక మచ్చ ఏర్పడెను. చదువదలచిన అక్షరమే మాయమగును. దాని చుట్టునున్నవి కనబడును. రెటీనా మధ్యభాగము క్షీణించుచున్నదని, ఉన్న చూపును నిలుపుటకు యత్నింపవచ్చునే గాని పోయినది తిరిగి రాదని నేత్రవైద్యులు నెమ్మదిగా చెప్పిరి.

ఆ రాత్రి నిద్ర రాలేదు. మనుమరాలి ముఖము ఇక స్పష్టముగా కనబడదేమో అన్న దిగులు రెండవది. మొదట కలిగినది, “నా పాఠమేమగును?” అన్న భయము. దేహము క్షీణించునని ఎన్నడో అంగీకరించిన మనస్సు, పాఠము ఆగునని మాత్రము అంగీకరింపలేకుండెను. మమకారము దేహమును వీడి గ్రంథములోనికి కాపురము మార్చినదని అప్పుడు తెలిసినది.

ఆ తెల్లవారుజామున యథాప్రకారము లేచి కూర్చుంటిని. పుస్తకము తెరువలేదు. దృగ్దృశ్యవివేకములోని ఒక విచారణ దానంతట అదే స్ఫురించెను: గ్రుడ్డితనము, మాంద్యము, చురుకుదనము అనునవి నేత్రధర్మములు, వాటిని మనస్సు తెలిసికొనుచున్నది, ఆ మనస్సు యొక్క వికారములను సాక్షి తెలిసికొనుచున్నాడు. ఈ ప్రకరణమును నేను ఎన్నిసార్లు చదివియుంటినో లెక్కలేదు. ఇప్పుడు ఆ మాంద్యము నా కన్నులలోనే యున్నది. మసక కనబడుచున్నది, దిగులు కూడ కనబడుచున్నది. వాటిని తెలియుచున్న తెలివికి మసక ఎక్కడిది? ఆ క్షణమున భాష్యము చదువలేదు గాని, భాష్యము దేనిని చూపుచున్నదో దానికి దూరముగా కూడ లేను. దుఃఖము ఆనాటితో పూర్తిగా పోయినదని చెప్పను. కాని అది ఎవరి దుఃఖమో తెలిసినది.

ప్రస్తుతము నా ధర్మపత్ని దినమునకు కొన్ని పంక్తులు చదివి వినిపించుచున్నది. ఆమెది స్తోత్రపారాయణ మార్గము. దీర్ఘసమాసములు అలవాటు లేదు. “ఏమండీ, ఈ మాటను ఎక్కడ విరవాలి?” అని ఆగును. నేను చెప్పిన పిదప అర్థము అడుగును. ఒక్కొక్కనాడు ఒక్క వాక్యమే సాగును. కొన్ని దినములు భాష్యము పక్కనబెట్టి తన స్తోత్రమే చదువుకొనును; నేను వినుచుందును. ఆమె మార్గము, నా మార్గము అన్న గీత ఆ వినికిడిలో పలుచబడినది. ద్వైతులు తమ తమ సిద్ధాంతములను గట్టిగా పట్టుకొని పరస్పరము విరోధింతురని, అద్వైతమునకు వారెవ్వరితోను విరోధము లేదని గౌడపాదాచార్యులు మాండూక్యకారికలలో చెప్పిరి. తన చేతులతో, కాళ్లతో తనకు విరోధముండదు గదా అని భాష్యకారులు వివరించిరి. “నాది అద్వైతమార్గము” అని పట్టుబట్టి ఇతరులతో వాదించువాడు ఆ క్షణమున ద్వైతిగానే యున్నాడు.

అయితే సాధన మానివేయవచ్చునా అని కొందరు అడుగుదురు. ఇక్కడ జాగ్రత్త అవసరము. బురదనీటి కుండలో చిల్లగింజను అరగదీసినచో బురద అడుగునకు చేరును. దానితో పాటు గింజపొడి కూడ చేరును. ఆత్మబోధ ఈ దృష్టాంతమునే జ్ఞానాభ్యాసమునకు చెప్పినది. నీరు తేరకముందే పొడిని తీసివేయుట ఎంత అవివేకమో, తేరిన పిదప పొడి కలుపుచుండుట కూడ అంతే. శ్రీరమణమహర్షి “నేనెవడను” అను విచారమును, చితిని కదిలించు కట్టెతో పోల్చిరి. అది శవమును కాల్చి తుదకు తానును కాలిపోవును. కాలకముందే కట్టెను పారవేసినవాడు విరక్తుడు కాడు. పని నడుమ లేచిపోయినవాడు.

అన్నిటికన్న సూక్ష్మమైనది మరొకటి కలదు. “నేను మార్గములన్నిటిని దాటితిని” అన్న భావమే కొత్త మార్గమై కూర్చుండును. పూజ మానినవాడు పూజచేయువానిని చిన్నచూపు చూచినచో, విడిచినది పూజను మాత్రమే, అహంకారమును కాదు. పండిన దోసపండు తొడిమను తాను త్రుంచుకొనదు. పక్వమైనప్పుడు అది వీడును.

పరమార్థదృష్టిలో బద్ధుడు లేడు, సాధకుడు లేడు, ముక్తుడు లేడు అని గౌడపాదుల నిర్ణయము. ఆత్మజ్ఞానము కలిగినచోట శ్రుతికి కూడ అభావమేనని శంకరభగవత్పాదులు సూత్రభాష్యమున నిస్సంకోచముగా అంగీకరించిరి. ప్రమాణమే తన విరమణను తాను చెప్పుచుండగా, మనము దానిని గట్టిగా పట్టుకొనుట దాని మాట విననట్లే.

కావున సాధకులారా, నియమమును విడువనక్కర లేదు. అది ఎప్పుడైన తానుగా తప్పినప్పుడు మాత్రము లోపల ఏమి లేచునో చూడుడు. భగవంతునిపై బెంగయా? లేక “ఇన్నేండ్లు తప్పనివాడను” అన్న పేరు పోవుచున్నదన్న బెంగయా? రెండవదైనచో దానిని తరిమివేయనక్కర లేదు. అది ఎవరికి కలిగినదో విచారించుడు. నిదాఘుని చేత ఋభువు చేయించినది కూడ ఆ విచారణయే.

ఓం తత్ సత్.